బొట్టు నిలిస్తే తామరాకు

“సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నా వదినా. ఆత్మహత్య. నువ్వు లోపలికొచ్చి చూడాల్సిందేమీ లేదు. ఎండలో నిలబడకుండా ఇంటికెళ్లు.”

ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా నిలబడి ఈ మాట అన్నవాడు ఇన్‌స్పెక్టరు. మా ఆయనకు స్వయానా తమ్ముడు, అంటే నాకు మరిది. ఇంట్లో నేను వడ్డిస్తే రెండోసారి అడిగి మరీ తింటాడు. యూనిఫాం వేసుకుంటే మాత్రం వరస మర్చిపోతాడు. వదిన ప్రైవేటు డిటెక్టివ్ కావడం తన ఉద్యోగానికి పట్టిన శని అని నా తోడికోడలి దగ్గర వాపోయాడట. ఆ మాట నాకు చేరకుండా ఎలా ఉంటుంది?

“మూసుకో నాయనా. సాయంత్రం దాకా తెరిచే ఉంటుందిగా, ఈలోగా నేనొకసారి తొంగి చూస్తాను.”

“యజమాని ఒప్పుకోడు.”

“పోయినాయన కూతురు నన్ను పెట్టుకుంది. తండ్రి పోయిన గది చూడటానికి కూతురికి ఎవరి ఒప్పుకోలూ అక్కర్లేదు. నన్ను ఆపాలంటే ముందు ఆవిడ మొహం చూసి ఆపు.”

నా పక్కనే నిలబడ్డ ఆవిడ మొహం అతను చూడలేకపోయాడు. గేటు నుంచి ఒక అడుగు పక్కకు జరిగాడు. మాకు ఆ అడుగు చాలు.

ఆ కూతురు పళ్ల డాక్టరు. పళ్లు ఊడిన చోట దవడ ఎముకలో చిన్న టైటానియం స్క్రూ బిగించి, దాని మీద కొత్త పన్ను కూర్చోబెట్టడం ఆవిడ పని. ఆ స్క్రూలు తయారయ్యేది ఈ ఫ్యాక్టరీలోనే. వాటి ఒంటి మీద చివరి పని చేసే గదికి ఆవిడ తండ్రే పెద్ద. కాలేజీలో లోహశాస్త్రం చెప్పి వచ్చిన మనిషి కనక అందరూ మాస్టారనేవారు. నాలుగు రోజుల కిందట పొద్దున ఆ గది తలుపు పగలగొడితే ఆయన నేల మీద బోర్లా పడి ఉన్నాడు. అంతకు ముందు నెల రోజులుగా ఫిర్యాదులు వస్తున్నాయి. స్క్రూలు ఎముకను పట్టుకోవడం లేదు, దవడల్లో కదిలిపోతున్నాయి. అలా కదిలినవాటిలో కొన్ని ఈవిడ చేత్తో పెట్టినవే.

“నా దగ్గర మూడు ఆధారాలున్నాయి వదినా,” అన్నాడు మరిది, మా వెనకే నడుస్తూ. “తలుపుకి లోపలి నుంచి గడియ. ఫ్యాను ఆపేసి ఉంది, నైట్రోజన్ గ్యాసు విప్పేసి ఉంది. ఇక మూడోది, కూతురికి తనే పంపిన మాట.”

మూడోదాన్ని డాక్టరమ్మ ఫోన్లో ఎన్నిసార్లు విందో, నాకూ అన్నిసార్లు వినిపించింది. ఆయన పోయిన సాయంత్రం అయిదు దాటాక పంపిన మాట అది. “అంతా తామరాకేనమ్మా. ఇన్నాళ్లూ నాదే తప్పనుకున్నాను. ఇక నా పని నేను ముగించుకుంటాను.” అంతే.

“తామరాకు మీద నీటిబొట్టు,” అన్నాడు మరిది. “ఇంతకంటే వైరాగ్యం ఏముంటుంది?”

“మా నాన్నకి వైరాగ్యమా?” డాక్టరమ్మ గిర్రున తిరిగింది. “పక్కింటాయన మా గేటు ముందు కారు పెట్టాడని తెల్లారేసరికి అడ్డంగా మంచం వేసుకుని పడుకున్న మనిషండీ. ఆయన ఎవరికీ ఏదీ వదిలిపెట్టలేదు. ఇవాళ మీరు ఆ సంతకం పెట్టారంటే, పది మంది దవడలు పాడుచేసి మొహం చెల్లక చచ్చాడని కాగితం మీద ఉండిపోతుంది. నేను పోయినా అది పోదు. నేను ఒప్పుకోను.”

నాకు ఆవిడ నచ్చింది. ఏడ్చేవాళ్లను ఓదార్చడం నాకు చేతకాదు. కోపంగా ఉన్నవాళ్లతో అయితే పని చేయగలను.

యజమాని గదిలో బల్ల మీద మూరెడు పొడవున స్క్రూ బొమ్మ ఒకటి నిలబెట్టి ఉంది. అసలు స్క్రూ చిటికెనవేలి గోరుకు కాస్త అటూ ఇటూ ఉంటుందట. కాసేపు కూర్చున్నాక తెలిసింది, ఆయన మాటలూ అదే కొలతలో ఉంటాయని.

“మాస్టారంటే నాకు తండ్రితో సమానమమ్మా,” అని మొదలుపెట్టాడు.

“సంతోషం. ముందు స్క్రూ సంగతి చెప్పండి. ఆ గదిలో ఏం చేస్తారు?”

“లేత్ మీంచి దిగిన పీసు అద్దంలా ఉంటుంది. నున్నటిదాన్ని ఎముక పట్టుకోదు. అందుకని సన్నటి రజనుతో కొట్టి గరుకు చేస్తాం. ఆ తర్వాత వేడి యాసిడ్‌లో ముంచుతాం. అప్పుడు కంటికి ఆనని గుంటలు పడతాయి. ఎముక ఆ గుంటల్లోకి పెరిగి బిగుసుకుంటుంది. అదంతా మాస్టారి చేతి పని. ఆ చెయ్యే తప్పింది, ఏం చేస్తాం.”

“యాసిడ్ తర్వాత?”

“కడిగి, నైట్రోజన్ ఊది ఆరబెట్టి, ఉప్పునీటి సీసాలో సీలు వేస్తాం. గాలి తగలకూడదు.”

“తగిలితే?”

ఆయన బల్ల మీది స్క్రూ బొమ్మను కాస్త పక్కకు జరిపాడు. “తగిలినా ఏం కాదనుకోండి. టైటానియం తుప్పు పట్టేది కాదు. వందేళ్లున్నా చెక్కుచెదరదు.”

“ఏం కానిదానికి సిలిండర్లకి సిలిండర్లు నైట్రోజన్ దేనికండీ?”

“పద్ధతమ్మా. అన్ని చోట్లా అలాగే చేస్తారు.” నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“ఆ రోజు ఏం జరిగింది?”

“ఆసుపత్రి వాళ్లు వాడకుండా తిప్పి పంపిన పెట్టె సాయంత్రం నాలుగింటికి వచ్చింది. మాస్టారు అది విప్పి చూసి కుర్చీలో కూలబడిపోయారు. నేను అయిదుకి ముందే ఇంటికెళ్లిపోయాను. వెళ్లేటప్పుడు చూస్తే అదే కుర్చీలో దిగాలుగా ఉన్నారు. అందరూ వెళ్లాక లోపలికెళ్లి ఈ పని చేసుకున్నారు. అయ్యో, ఒక్కమాట నాతో చెప్పి ఉంటే...”

“ఆ పెట్టె అంతకుముందు ఫ్యాక్టరీలో లేదు కదా?”

“లేదమ్మా, చెప్పానుగా, ఆ రోజు నాలుగింటికే వచ్చింది.”

“అయిదుకి ముందే వెళ్లిపోయారు. ఇది గట్టి మాటేనా?”

“వదినా!” గుమ్మంలోంచి మరిది గొంతు హెచ్చింది. “పెద్దమనిషి. స్టేషన్లో స్టేట్‌మెంటు ఇచ్చాడు. ఇంకా ఏం కావాలి?”

“ఏం లేదు, నువ్వు విన్నావా లేదా అని. విన్నావుగా?”

గదికి పోయే నడవా మధ్యలో ఒక బల్ల ఉంది. ఆ బల్ల దగ్గర నలభై ఏళ్ల మనిషి కూర్చుని, ఒక చేత్తో ప్లాస్టిక్ పట్టకారు, మరో చేత్తో కళ్లలో మందు వేసుకునే డ్రాపర్‌లాంటిది పట్టుకుని పనిచేస్తోంది. పేరు బొట్టక్క అని డాక్టరమ్మ చెప్పింది. నేను ఆవిడ నుదురు చూశాను. ఏమీ లేదు. ఆ బొట్టు వేరట.

పట్టకారుతో ఒక పీసు పైకి తీసింది, దాని మీద ఒక నీటిచుక్క వదిలింది. చుక్క పడీపడగానే పరుచుకుని కనపడకుండా పోయింది. పీసుని తెల్ల డబ్బాలో వేసింది. పక్కనున్న వేరే పెట్టెలోంచి ఇంకొకటి తీసింది. ఈసారి చుక్క పరుచుకోలేదు. గుండ్రంగా, పూసలా నిలబడింది. ఆవిడ పట్టకారు కాస్త వంచితే దొర్లి కింద పడిపోయింది.

“తామరాకు,” అని గొణిగి, పీసుని ఎర్ర డబ్బాలో పడేసింది.

పక్కనున్న డాక్టరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

“ఏమన్నారు మీరు?”

“తామరాకండీ,” అంది బొట్టక్క, తప్పు చేశానేమో అన్నట్టు. “ఇక్కడ అందరం అలాగే అంటాం. మాస్టారు పెట్టిన పేరే. యాసిడ్‌లోంచి తీసిన కొత్తలో పీసుకి దాహంగా ఉంటుంది, నీళ్లు ఇట్టే లాగేస్తుంది. గాలికి వదిలేస్తే వారాలు గడిచేకొద్దీ గాలిలో ఉండే జిడ్డంతా కంటికి కనపడకుండా దాని మీద పేరుకుంటుంది. అప్పుడు బొట్టు నిలబడిపోతుంది. తుప్పు ఉండదు, మచ్చ ఉండదు. చూడటానికి కొత్తదే. కానీ నీళ్లే అంటనిదాన్ని రక్తమేం అంటుతుందండీ? రక్తం అంటకపోతే ఎముకేం పడుతుంది?”

డాక్టరమ్మ గోడకు ఆనుకుంది. “అంతా తామరాకేనమ్మా,” అంది మెల్లగా, తండ్రి గొంతులో. “నాకు వేదాంతం చెప్పలేదు. పీసుల గురించి చెప్పాడు.”

“ఇన్నాళ్లూ నాదే తప్పనుకున్నాను, అన్నాడు మీ నాన్న,” అన్నాను. “అనుకున్నాను అంటే అర్థమేంటి? కాదని ఇప్పుడు తెలిసిందనేగా. తెలుగు మాట అర్థం కాక మా మరిది ఒక మనిషిచేత ఆత్మహత్య చేయించేశాడు.”

మరిది చెవులు ఎర్రబడ్డాయి. “మాటకి వంద అర్థాలుంటాయి వదినా. దాంతో కేసు తేలదు.”

“తేలకపోతే తేల్చుదాం. అక్కా, ఈ తామరాకులు ఎక్కడివి?”

“వెనక్కొచ్చిన పెట్టెలోవండీ. ఆ రోజు మాస్టారు నా బల్ల దగ్గరే నిలబడి నాచేత వరసగా బొట్టు పెట్టించారు. అన్నీ ఇలాగే. సగం ఆయన లోపలికి పట్టుకెళ్లారు. మిగిలిన సగం ఇవి.” పీసు మెడ మీద వేలు పెట్టి చూపించింది. “ఈ మూడు గీతలు చూడండి. ఈ రకం చేయడం మానేసి రెండేళ్లు దాటింది.”

“పెట్టె మీద తారీఖు ఈ ఏడాదిది ఉందే?”

ఆవిడ యజమాని గది వైపు చూసి తల వంచుకుంది. “పెట్టెలు కట్టేది నేను కాదండీ.”

రెండేళ్లు గోడౌన్లో గాలికి పడున్న సరుకు. దానికి కొత్త పెట్టె, కొత్త తారీఖు. అవి దవడల్లో కదిలిపోతుంటే నింద మాత్రం మాస్టారి చేతి మీద. నాకు చాలామంది దొంగలతో పరిచయం ఉంది కానీ, మనుషుల నోట్లో దొంగసరుకు దాచినవాణ్ణి చూడటం అదే మొదలు. ఒళ్లు మండిపోయింది.

“గది చూస్తావా, ఇక్కడే ముచ్చట్లు పెట్టుకుంటావా?” అన్నాడు మరిది. తన ఫైలు చేతిలోంచి జారిపోతున్నదని అతనికీ అర్థమైనట్టుంది. తనే వెళ్లి సీలు తీశాడు.

“డ్రాపర్ తీసుకుని నువ్వూ రా అక్కా,” అన్నాను. ఎందుకు పిలిచానా అని తర్వాత చాలాసేపు నన్ను నేను తిట్టుకున్నాను.

చిన్న గది. కిటికీ లేదు. తలుపు మందం, మూస్తే లోపలి రొద బయటికి వినపడదట. పైన గోడలో ఒక ఫ్యాను, లోపలి గాలిని బయటకు లాగేది. దాని స్విచ్చి మాత్రం లోపల లేదు, బయట నడవాలో తలుపు పక్కన ఉంది. ఎందుకలాగంటే, లోపల పెడితే యాసిడ్ ఆవిరి తినేస్తుందట. లోపల ఒక వైపు యాసిడ్ తొట్టె, మూత సగం పక్కకు జరిపి ఉంది. దాని పక్కన కడుగుడు తొట్టెలు, పీసుల్ని గీపెడుతూ అదిలించి శుభ్రం చేసే యంత్రం, నైట్రోజన్ గొట్టం. సిలిండరు ఖాళీ, మర విప్పే ఉంది. బల్ల మీద నీళ్లు నింపిన గాజు సీసా, అడుగున ఆరేడు పీసులు.

“గడియ సంగతి చెప్పండి డాక్టరమ్మా.”

“గడియ పెట్టకుండా నాన్న ఎప్పుడూ పనిచేయలేదు. ఎవరైనా తలుపు తీస్తే దుమ్ము, చేతి జిడ్డు లోపలికొస్తాయని. నేను చిన్నప్పుడు తలుపు కొట్టినా తీసేవాడు కాదు.”

“మరిదీ, మనిషి ఎలా పడి ఉన్నాడో చెప్పు.”

“బోర్లా. చేతికి గ్లోవ్స్, చెవుల్లో రబ్బరు బిరడాలు.”

“చావడానికి వచ్చినవాడికి చెవుల్లో బిరడాలెందుకు?”

“అలవాటు. ఆ యంత్రం గీపెడుతుందని.”

“అంటే యంత్రం నడుస్తోంది. అంటే పని చేస్తున్నాడు.”

“నువ్వు ఒకటి అంటే దానికి రెండు అతికిస్తావు. విను. పనంతా ముగించాడు. బయటికొచ్చి ఫ్యాను ఆపాడు. లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు, గ్యాసు తిప్పాడు. ‘నా పని నేను ముగించుకుంటాను’ అన్నాడు కూడా. ఇందులో ఎక్కడ దొరికింది నీకు కంత?”

అడగవలసిన ప్రశ్నే. మా మరిది తెలివితక్కువవాడు కాదు, తొందర ఎక్కువ. నేను సీసాలోంచి ఒక పీసు పట్టకారుతో తీసి వెలుతురులో పెట్టాను. మెడ మీద మూడు గీతలు. వెనక్కొచ్చిన పెట్టెలోదే. డాక్టరమ్మ తన సంచిలోంచి చిన్న రబ్బరు ఊదుడు బుడ్డి తీసి ఆరబెట్టింది.

“అక్కా, బొట్టు పెట్టు.”

చుక్క పడింది. పడిన చోటే పరుచుకుని మాయమైపోయింది. బొట్టక్క ఇంకో పీసు మీద పెట్టింది, ఇంకోదాని మీదా పెట్టింది. అన్నీ తాగేశాయి.

“బయట బల్ల మీద ఉన్నవి, ఇవి, ఒకే పెట్టెలోవి,” అన్నాను. “అవి తామరాకులు, ఇవి కావు. ఆ పెట్టె ఫ్యాక్టరీకి వచ్చింది ఆ రోజు నాలుగింటికని యజమాని నోటితోనే చెప్పాడు. అంటే ఆ సాయంత్రం ఈ గదిలో మాస్టారు వీటికి మళ్లీ యాసిడ్ పెట్టి, కడిగి, గాలి తగలకుండా నీళ్లలో ఉంచాడు. అదే పీసు, అదే చెయ్యి, మళ్లీ పెడితే మళ్లీ బాగుంది. తప్పు పనిలో లేదు, పాత సరుకులో ఉంది. అది రుజువు చేయడానికి కూర్చున్నాడు. చేశాడు కూడా.”

“సరే, పని చేశాడనే అనుకో. అయితే? పని చేసి తర్వాత చచ్చిపోకూడదా?”

“ఆ మూత తీసి వాసన చూడు.”

“చల్లారిపోయింది కదా.” మూత పూర్తిగా తీసి వంగాడు. మరుక్షణం కళ్లనీళ్లతో, దగ్గుతో నడవాలోకి పరిగెత్తాడు. తిరిగొచ్చేటప్పుడు తనే స్విచ్చి వేసి వచ్చాడు. ఫ్యాను గుర్రుమంది.

“చల్లటిదానికే ఇలా అయితే వేడిగా ఉన్నప్పుడు? ఫ్యాను తిరగకుండా ఇక్కడ ఎవరూ పని చేయలేరు. ఇప్పుడు అసలుది చూడు.”

తొట్టె అంచుకు ఒక ప్లాస్టిక్ కొక్కెం తగిలించి ఉంది. దాని కింద యాసిడ్‌లో మునిగి ఒక చిన్న బుట్ట. పోలీసులు యాసిడ్‌లో చెయ్యి పెట్టరు కదా, అందుకే ఎవరూ చూడలేదు. మాస్టారి గ్లోవ్స్ జత ఇంకొకటి గోడకుంటే తొడుక్కుని, బుట్ట పైకి లాగి కడుగుడు తొట్టెలో ముంచి తీశాను. అందులోనివి స్క్రూలంటే ఎవరూ నమ్మరు. మర అరిగిపోయింది, మెడ సన్నబడింది, మూడు గీతల ఆనవాలు ఒక్కదాని మీద మిగిలింది. చప్పరించి వదిలేసిన పిప్పరమెంట్లలా ఉన్నాయి.

డాక్టరమ్మ ఒకటి అరచేతిలో వేయించుకుంది. “ఇవి యాసిడ్‌లో ఉండాల్సింది కొద్ది నిమిషాలే. నాన్న గడియారం చూస్తూ నిలబడేవాడు. రాత్రంతా వేడిలో ఉండిపోయాయి ఇవి.”

“విన్నావా మరిదీ? మొదటి బుట్ట తీసి సీసాలో వేశాడు. రెండో బుట్ట యాసిడ్‌లో దించాడు. దాన్ని తీయడానికి బతికి లేడు. చావాలనుకున్నవాడెవడైనా రెండో పొయ్యి మీద ఎసరు పెడతాడా?”

అతను బుట్ట వంక, గడియ వంక, మళ్లీ బుట్ట వంక చూశాడు.

“బుట్ట దించినప్పుడు ఫ్యాను తిరుగుతోంది. లోపల గడియ పెట్టి ఉంది. మొదటివి ఆరబెట్టడానికి గ్యాసు సన్నగా విప్పి ఉంది. ఫ్యాను ఉన్నంతసేపూ దాంతో ఏ ప్రమాదం లేదు. ఆగితే?”

“ఆగితే తెలియదు,” అంది డాక్టరమ్మ. “నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు. ఊపిరాడనట్టు కూడా అనిపించదు. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతాడు. యంత్రం రొదలో, చెవుల్లో బిరడాలతో, ఫ్యాను ఆగిందని మా నాన్నకి తెలిసే అవకాశమే లేదు.” ఆ మాటలు డాక్టరులా చెప్పింది కానీ చివరికొచ్చేసరికి గొంతు కూతురిదైపోయింది.

“మాస్టారు లోపల గడియ పెట్టుకుని ఉన్నాడు,” అన్నాను. “ఫ్యాను స్విచ్చి బయట ఉంది. ఇక నీ సంతకం ఎక్కడ పెడతావో పెట్టుకో.”

మరిది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఓడిపోయినప్పుడు క్యారమ్స్ బల్ల దగ్గర కూడా అతను చేసేది అదే. “ఒప్పుకున్నా వదినా. హత్యే. మరి ఆ స్విచ్చి ఆపిందెవరు?”

నేను గెలిచిన సంబరంలో ఉన్నాను. దాచుకోవడమెందుకు, చాలా సంతోషంగా ఉంది. యజమాని పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు నా వెనక గాజు పగిలిన చప్పుడైంది.

బొట్టక్క చేతిలో డ్రాపర్ లేదు. ఆవిడ ఎవరినీ చూడటం లేదు. తన కుడిచేతిని చూసుకుంటోంది.

“అప్పుడు మాస్టారు లోపలే ఉన్నారా?” అంది.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది.

“ఆ రోజు చివరికి మిగిలింది నేనే. ఆరు కావస్తోంది, చేతులు కడుక్కోవడానికి వెళ్లొచ్చి సంచి సర్దుకుంటున్నాను. సారు నడవాలోకి వచ్చారు. ‘మాస్టారు వెళ్లిపోయారు, లోపలెవరూ లేరు, ఫ్యాను ఊరికే తిరుగుతోంది, ఆపేసి వెళ్లు’ అన్నారు. ఆపేశాను. మర్నాడు పొద్దున, మాస్టారు రాత్రి మళ్లీ వచ్చి ఇలా చేసుకున్నారని చెప్పారు. నిజమే అనుకున్నాను. నాలుగు రోజులుగా నిజమే అనుకుంటున్నాను.” గొంతు వణకలేదు. అదే చూసి నాకు భయం వేసింది. “లోపలే ఉన్నారా? నేను ఆపినప్పుడు లోపలే ఉన్నారా?”

నా రుజువు ఎవరి మెడ మీద పడిందో అప్పటికి అర్థమైంది నాకు. అంతకుముందు క్షణం దాకా ఉన్న సంతోషం మీద నాకే అసహ్యం వేసింది.

“అబద్ధం!” యజమాని ఎప్పుడు వచ్చాడో, నడవాలో నిలబడి ఉన్నాడు. “నేను అయిదుకి ముందే ఇంటికెళ్లాను. మీ అందరి ముందూ చెప్పాను. ఆవిడ పొరపాటున ఆపి, భయపడి నా మీద తోస్తోంది.” గొంతు తగ్గించి బొట్టక్క వైపు తిరిగాడు. “చూడమ్మా, తెలియక చేశావు. నేనేమీ అనను. ఆపలేదని చెప్పు, నీ ఉద్యోగం నీకుంటుంది. ఇంట్లో ముసలి అత్తగారు, చదువుకునే పిల్ల, గుర్తుందా? ఆపింది నువ్వేనంటే జైలు నీకే. నేను చెప్పానని ఎవరు చూశారు?”

“ఎవరూ చూడలేదు,” అంది బొట్టక్క.

“అక్కా,” అన్నాడు మరిది. ఆ గొంతులో నేను యూనిఫాం వినలేదు, మా ఇంటి మరిదిని విన్నాను. “ఆయనన్నదాంట్లో ఒకటి నిజం. నువ్వు ఇప్పుడు చెప్పేది నీ మెడకే చుట్టుకుంటుంది. సాక్ష్యం లేదు. నేను ఇంకా ఏమీ రాయలేదు. ఆలోచించుకుని చెప్పు.”

“ఆలోచించేదేముంది సార్? మాస్టారి పని చెడ్డదన్నారు. నా బల్ల మీద రోజూ బొట్టు పెట్టి చూసేదాన్ని, చెడ్డది కాదని నాకు తెలుసు. అయినా నోరెత్తలేదు. అత్త ఉంది, పిల్ల ఉంది అనుకున్నాను. ఆయన చేతకానివాడు అనిపించుకుని పోయారు.” ఆవిడ యజమాని ముందుకు నడిచింది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. “ఈసారి కూడా నోరు మూసుకుంటే నా పిల్ల మొహం నేనెట్లా చూడను?”

కుడిచెయ్యి చాచి మరిది ముందు పెట్టింది.

“రాసుకోండి సార్. ఆపిన చెయ్యి ఇదిగో. ఆపమన్న నోరు అదిగో.”

యజమాని ఇంకో అడుగు వెనక్కి వేశాడు. మరిది టోపీ పెట్టుకున్నాడు. ఆ చేతిని చూసి, గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌ని పిలిచాడు.

“రెండు జతల బేడీలు పట్రా.”

నేను నోరు తెరిచేలోపే డాక్టరమ్మ వాళ్లిద్దరి మధ్యకు వచ్చింది. ఎంతైనా తండ్రి పోయింది ఆవిడకు. స్విచ్చి నొక్కిన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని కిందికి దించింది.

“ఒక్క జత చాలు ఇన్‌స్పెక్టర్‌గారూ,” అంది.